ఊరి నడిబొడ్డున గొయ్యి

(పాఠకుల సమావేశంలో చేసిన ప్రసంగం. రాలేకపోయినవాళ్ళ కోసం రికార్డింగ్ విని టైపు చేసింది.)

అందరికీ నమస్కారం. ముందు వరసలు ఖాళీగా ఉన్నాయి, వెనకాల నిలబడ్డవాళ్ళు వచ్చి కూర్చోండి. రండి, రండి, నేనేం ప్రశ్నలడగను.

నన్ను ఫ్రాన్స్ గురించి మాట్లాడమన్నారు. ఆధునికీకరణ కాలంలో ఫ్రాన్సు సంస్కృతి, రాజకీయం. అంత పెద్ద విషయం గంటలో ఎక్కడ తెములుతుంది? అందుకని ఒక్క బజారు పట్టుకున్నాను. పారిస్ నడిమధ్యన ఉండిన ఒక్క టోకు బజారు. కూరగాయలు, మాంసం, చేపలు, గుడ్లు, వెన్న అమ్మేచోటు. దాన్ని కట్టినప్పుడు ఆధునికీకరణ అన్నారు. పీకేసినప్పుడు కూడా ఆధునికీకరణే అన్నారు. ఒకే మాట, రెండుసార్లు, రెండు పనులకి. ఈ మాటని కాస్త అనుమానంగా చూడటం నేర్చుకుందామనే ఈ కథ చెప్తున్నాను.

దాని పేరు రాతలో చూస్తే 'హాల్' అని కనిపిస్తుంది, ఫ్రెంచివాళ్ళ నోట్లో మాత్రం 'లే ఆల్'. మనమూ లే ఆల్ అందాం. పన్నెండో శతాబ్దం నుంచీ అక్కడ బజారే. 1183లో ఫిలిప్ ఆగస్ట్ రాజు వర్తకుల కోసం అక్కడ కప్పులు వేయించాడు. 1789 అక్టోబర్‌లో రొట్టె దొరకడం లేదని ఆడవాళ్ళు వెర్సాయ్ దాకా నడిచి వెళ్ళి, రాజుని పారిస్‌కి లాక్కొచ్చారే, గుర్తుందా? ఆ గుంపులో ఈ బజారు ఆడవాళ్ళు చాలామంది ఉన్నారు. అంటే ఇక్కడ క్యాబేజీలే కాదు, రాజకీయమూ అమ్ముడుపోయేది.

సరే, మొదటి ఆధునికీకరణ. 1851 డిసెంబర్ 2న మూడో నెపోలియన్ కుట్ర చేసి అధికారం చేతిలోకి తీసుకున్నాడు. ఏడాది తిరిగేసరికి చక్రవర్తి. 1853లో ఓస్మన్ అనే ఆయన్ని పారిస్ ఉన్న సేన్ జిల్లాకి ప్రిఫెక్ట్‌గా వేశాడు. ప్రిఫెక్ట్ అంటే కలెక్టర్ అనుకోండి. కలెక్టరే, కానీ మునిసిపాలిటీ కూడా ఆయన చేతిలోనే. పదిహేడేళ్ళ పాటు ఊరంతా తవ్వాడు, కూల్చాడు, వెడల్పు చేశాడు. ఇవాళ మనం పోస్టుకార్డుల్లో చూసే పారిస్ చాలామటుకు ఆయన పుణ్యమే. పుణ్యమో పాపమో, ఆ గొడవలోకి ఇప్పుడు వెళ్ళను.

బజారు కట్టే పని బల్తార్ అనే ఆర్కిటెక్టుకి ఇచ్చారు. రోమ్ వెళ్ళి పాత కట్టడాలు చదువుకుని వచ్చినవాడు. రాయంటే ప్రాణం. మొదటి మంటపం రాతితో మొదలుపెట్టాడు. జనం దాన్ని చూసి 'బజారు కోట' అని నవ్వారు. చక్రవర్తి పని ఆపించాడు. తర్వాత జరిగింది ఓస్మన్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. చక్రవర్తి పిలిచి, నాకు కావాల్సింది పెద్ద పెద్ద గొడుగులు, అంతకంటే ఏం లేదు అన్నాడట. ఈయన పోయి బల్తార్‌తో, ఇనుము, ఇనుము, ఇనుము తప్ప ఇంకేం వద్దు అన్నాడట. బల్తార్‌కి ఒప్పుకోవడానికి ప్రాణం పోయినంత పనైంది. చివరికి రాయి మనిషి చేత ఇనుము కట్టించారు. పేరేమో ఆయనకే మిగిలింది. సన్నటి పోత ఇనుప స్తంభాలు, అద్దాలు, గాలి ఆడటానికి పైన తెరుపులు, కింద సరుకు దాచుకోవడానికి నేలమాళిగలు. అలాంటి మంటపాలు పది, 1854 నుంచి 1874 లోపు లేచాయి. మిగతా రెండూ 1930ల్లో గాని పూర్తి కాలేదు.

జోలా 1873లో ఈ బజారు మీద నవల రాసి, దీనికి 'పారిస్ పొట్ట' అని పేరు పెట్టాడు. ఆ పేరే స్థిరపడిపోయింది. కథలో ఒక మనిషి, డిసెంబర్ కుట్రప్పుడు ఏ పాపం ఎరగకుండా పట్టుబడి, ద్వీపాంతరవాసానికి పోయి, తప్పించుకుని, తెల్లవారుజామున పారిస్‌కి తిరిగొస్తాడు. ఎలా వస్తాడు? దారిలో సొమ్మసిల్లి పడిపోతే, బజారుకి కూరగాయలు తోలుకెళ్తున్న ఒకావిడ తన బండెక్కించుకుంటుంది. క్యారెట్ల మీద, టర్నిప్‌ల మీద పడుకుని నగరంలోకి వస్తాడు. వెళ్ళేనాటికి లేని ఇనుప మంటపాలు వచ్చేసరికి లేచి ఉంటాయి. నాకైతే చక్రవర్తి పాలన మీద ఇంతకంటే మంచి వ్యాఖ్యానం దొరకలేదు. ఊరికి గాలీ వెలుతురూ వచ్చాయి. మాట్లాడే మనిషి మాత్రం దీవుల్లో ఉన్నాడు.

ఇక్కడ ఒక్క ముక్క గట్టిగా చెప్పాలి, తర్వాత కథంతా దీని మీదే నడుస్తుంది. 1871లో పారిస్ జనం తిరగబడి, పారిస్ కమ్యూన్ అని సొంత ప్రభుత్వం పెట్టుకున్నారు. దాన్ని నెత్తుటిలో ముంచేశాక, ఈ ఊరిని నమ్మకూడదని ప్రభుత్వాలన్నీ అనుకున్నాయి. చక్రవర్తులు పోయి రిపబ్లిక్ వచ్చినా అదే అనుమానం. ఫలితం ఏమిటి? ఫ్రాన్సులో ప్రతి పల్లెకీ మేయర్ ఉన్నాడు, పారిస్‌కి లేడు. వందేళ్ళకి పైగా లేడు! 1977 దాకా లేడు. కౌన్సిల్ ఉండేది, మాట్లాడేది. ఊరు నడిపింది మాత్రం ప్రభుత్వం వేసిన ప్రిఫెక్టులు. ఒక ప్రిఫెక్ట్ పరిపాలనకి, ఇంకో ప్రిఫెక్ట్ పోలీసులకి. 1961 అక్టోబర్ 17న అల్జీరియన్ల శాంతియుత ఊరేగింపు మీద పడి చంపి, శవాల్ని సేన్ నదిలో పడేసింది ఆ రెండో ప్రిఫెక్ట్ కింది పోలీసులే. అది వేరే రోజు మాట్లాడుకోవాల్సిన విషయం. ఇప్పుడు బజారుకి వద్దాం.

బజారు లోపల ఎలా ఉండేది? రాత్రి బజారు కదా. ఊరు పడుకునే వేళకి ఇది లేచేది. లారీలు వచ్చేవి, సరుకు దిగేది, గంట కొడితే అమ్మకం మొదలయ్యేది. బరువులు మోసే హమాలీల్ని 'ఫోర్' అనేవాళ్ళు. అంటే బలవంతులు. ఆ ఉద్యోగం ఊరికే ఇచ్చేవాళ్ళు కాదండోయ్, పరీక్ష ఉండేది. రెండు వందల కిలోల బరువు నెత్తికెత్తుకుని అరవై మీటర్లు నడవాలి. రెండు వందల కిలోలు అంటే రెండు బియ్యం బస్తాలు, అవీ పాతకాలం క్వింటాలు బస్తాలు. గొడుగంత వెడల్పు టోపీ పెట్టుకుని, దాని మీద మోసేవాళ్ళు. పోలీసు రికార్డు శుభ్రంగా ఉండాలి. యూనియన్ ఉండేది. వాళ్ళకో గౌరవం ఉండేది.

మాంసం కొట్లవాళ్ళకి వాళ్ళదే ఒక భాష. మీలో చిన్నప్పుడు 'క' భాష మాట్లాడినవాళ్ళు ఎంతమంది? చూశారా, సగం మంది! ఇదీ అలాంటిదే. మాటలో మొదటి హల్లు తీసి చివర పడేస్తారు, దాని చోట 'ల' తగిలిస్తారు, వెనక ఒక తోక అతికిస్తారు. మాంసం కొట్టేవాణ్ణి ఫ్రెంచిలో 'బూషే' అంటారు. అది 'లూషెబెం' అయింది. ఆ భాష పేరు కూడా అదే. గిరాకీ ఎదురుగా నిలబడి ఉండగానే ధర గురించి, ముక్క గురించి, మొహమాటం లేకుండా మాట్లాడుకోవచ్చు.

ఇక ఉల్లిపాయ సూపు. రాత్రి మూడింటికి, నాలుగింటికి, చుట్టూ ఉన్న హోటళ్ళలో జున్ను మాడ్చిన ఉల్లిపాయ సూపు. ఆపెరా చూసొచ్చిన దొరసానులు పట్టు గౌన్లతో ఒక బల్ల దగ్గర, పక్క బల్ల దగ్గర నెత్తుటి మరకల ఏప్రన్‌తో మాంసం కొట్టేవాడు. ఈ దృశ్యాన్ని రచయితలు కాస్త తీపి చేసి చెప్తారు లెండి. దొరసాని సరదాకి వచ్చింది, అతను పనిలో ఉన్నాడు. అయినా పక్కపక్కన కూర్చునే చోటు ఒకటి ఉండేది, అంతవరకు నిజం.

మరి ఎలకలు? ఉండవా! ఆ బజారు వీధిలో 1872 నుంచి ఎలకల్ని చంపే మందులూ బోనులూ అమ్మే దుకాణం ఒకటుంది. మా అమ్మాయి దగ్గరికి వెళ్ళినప్పుడు నేను పనిగట్టుకుని పోయి చూశాను. అద్దం వెనకాల ఎండిన ఎలకలు వరసగా మెడలకి బోను తగిలించుకుని వేలాడుతున్నాయి. 1925లో లే ఆల్‌లో పట్టినవని రాసి ఉంది. పెద్దవి, పిల్లి పిల్లలంత ఉన్నాయి. పాతబజారు పోయిందని కన్నీళ్ళు పెట్టుకునేవాళ్ళు ఆ అద్దం ముందు ఓ నిమిషం నిలబడాలి. కంపు ఉండేది, ట్రాఫిక్ ఉండేది, బురద ఉండేది. తెల్లారితే లారీలు కదిలేవి కావు. మార్చాలన్నవాళ్ళు గాల్లోంచి అనలేదు.

ఇప్పుడు రెండో ఆధునికీకరణ. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక ముప్పై ఏళ్ళు ఫ్రాన్సు పరుగెత్తింది. ఎంత పరుగంటే, 1954లో పదింట ఒక ఇంట్లో కూడా ఫ్రిజ్ లేదు. 1975 నాటికి పదింట తొమ్మిది ఇళ్ళలో వచ్చేసింది. ఫ్రిజ్ లేనప్పుడు ఆవిడ రోజూ బజారుకెళ్ళాలి. ఫ్రిజ్ వచ్చాక, దాంతోపాటు కారు వచ్చాక, వారానికోసారి చాలు. 1963లో పారిస్‌కి దక్షిణాన ఒక చిన్న ఊళ్ళో కార్ఫూర్ వాళ్ళు మొదటి హైపర్‌మార్కెట్ తెరిచారు. రెండున్నర వేల చదరపు మీటర్లు, బయట వందల కార్లకి చోటు. పారిస్ పొట్టని ఖాళీ చేసింది అసలు ఫ్రిజ్జేనని నా అనుమానం. అన్నట్టు, ఇంట్లో ఫ్రిజ్ వచ్చింది గానీ, పెళ్ళయిన ఆడమనిషి మొగుడి అనుమతి లేకుండా బ్యాంకు ఖాతా తెరుచుకునే హక్కు 1965 చట్టంతో గాని రాలేదు. ఏది ముందు ఆధునికం అవుతుందో, ఏది వెనక అవుతుందో చూడండి.

1958లో, యుద్ధకాలపు నాయకుడు డిగాల్ మళ్ళీ అధికారంలోకి వచ్చాడు. ఆయన సంస్కృతి మంత్రి మాల్రో, రచయిత. మాల్రో 1962లో మంచి చట్టం తెచ్చాడు. పాత పేటల్ని ఇంటింటికీ కాకుండా మొత్తం పేటగా కాపాడే చట్టం. దాని వల్ల మారే అనే పేట నిలిచింది. పదిహేడో శతాబ్దపు రాతి భవనాలు. అది లే ఆల్‌కి ఎంత దూరం? నడిచివెళ్ళేంత. అటు రాయిని కాపాడుతున్నారు, ఇటు ఇనుముకి పాడె కడుతున్నారు. ఎందుకంటారు? పెద్దమనుషుల దృష్టిలో మూడు వందల ఏళ్ళ రాయి వారసత్వం. వందేళ్ళ ఇనుము పాత సామాను. తాతగారి పడక్కుర్చీ దాచుకుంటాం, నాన్నగారి స్కూటరు తుక్కుకి వేస్తాం. అంతే తేడా.

దక్షిణాన రంజిస్ అనే చోట, ఓర్లీ విమానాశ్రయం పక్కన, రెండు వందల హెక్టార్లకి పైగా చోటు చూశారు. టోకు మార్కెట్టుని ఊరి బయటికి నెట్టడం మనకి కొత్తేం కాదు, మీరందరూ చూసినవాళ్ళే. కానీ ఆ తరలింపు చూడండి. 1969 ఫిబ్రవరి ఆఖరు. ఇరవై వేల మంది మనుషులు, వెయ్యి టోకు వర్తక సంస్థలు, పదిహేను వందల లారీలు, ఐదు వేల టన్నుల సరుకు. మూడు, నాలుగు రోజుల్లో. మార్చి 3, సోమవారం, రంజిస్ తెరిచారు. ఈ మధ్యలో ఆదివారం, మార్చి 2న ఏం జరిగిందో తెలుసా? తూలూజ్‌లో కాంకార్డ్ మొదటిసారి గాల్లోకి లేచింది. శబ్దం కంటే వేగంగా పోవడానికి చేసిన విమానం! అదే వారాంతంలో, పారిస్‌లో ఎనిమిది వందల ఏళ్ళ బజారు క్యాబేజీ గంపలు సర్దుకుంటోంది. నవలలో రాస్తే అతిగా ఉందంటారు. ఇంకా రెండు నెలలు తిరగలేదు, ఏప్రిల్ 27న రెఫరెండంలో జనం 'వద్దు' అన్నారు, డిగాల్ దిగిపోయాడు. ముందు ఏడాది మే నెలలో విద్యార్థులు, కార్మికులు దేశాన్ని స్తంభింపజేసినా దిగనివాడు, కాగితం ఓటుతో దిగిపోయాడు.

ఇప్పుడు అసలు విషయం. బజారు పోయింది, మంటపాలు మిగిలాయి. ఖాళీ మంటపాలు. అప్పుడు జనం తలెత్తి చూశారు. అన్నాళ్ళూ కూరగాయల్ని చూశారు, కింద బురదని చూశారు. పైన ఏముందో ఎవరు చూశారు? ఖాళీ అయ్యాక, అబ్బ, ఇంత అందంగా ఉందా అనుకున్నారు. ఎగ్జిబిషన్లు పెట్టారు, సంగీతం, నాటకాలు. 1970లో ఇటలీ నుంచి రోంకోనీ అనే దర్శకుడు తన నాటకం తెచ్చి అక్కడ ఆడాడు. అందులో ప్రేక్షకులకి కుర్చీల్లేవు. నటులు బండ్ల మీద జనం మధ్యలోంచి దూసుకుపోతుంటే జనం పక్కకి తప్పుకోవాలి. బజారులో హమాలీకి తప్పుకున్నట్టే! రెండేళ్ళు, ఎవరూ ప్లాను వెయ్యకుండానే, ఊరి మధ్య ఒక సాంస్కృతిక కేంద్రం పుట్టింది.

మరి ఉంచారా? ఉంచలేదు. డిగాల్ తర్వాత వచ్చిన పొంపిడూ కవిత్వం బాగా చదువుకున్నవాడు, కవితా సంకలనం కూడా కూర్చాడు. ఇంట్లో ఆధునిక చిత్రాలు. అలాంటివాడే ఊరు కారుకి తగ్గట్టు మారాలన్నాడు. సేన్ ఒడ్డున ఎక్స్‌ప్రెస్ రోడ్డు 1967లో తెరిచింది ప్రధానిగా ఉన్నప్పుడు ఆయనే. మంటపాల్ని కూల్చొద్దని జనం సంతకాలు సేకరించారు, ఊరేగింపులు చేశారు. మేయర్ లేడు కదా, ఎవరితో మొరపెట్టుకోవాలి? కూల్చివేత మొదలైంది 1971 ఆగస్టులో. ఆగస్టు! పారిస్ గురించి తెలిసినవాళ్ళకి ఇప్పుడే నవ్వొచ్చింది. ఆగస్టులో పారిస్‌లో పారిస్‌వాళ్ళు ఉండరు. అందరూ సెలవులకి సముద్రం ఒడ్డుకి పోతారు. తిరిగొచ్చేసరికి గొడుగులు కూలుతున్నాయి. ఒక్కటి బతికింది, కోళ్ళూ గుడ్లూ అమ్మిన ఎనిమిదో మంటపం. విప్పదీసి నోజాన్ అనే శివారు ఊళ్ళో మళ్ళీ నిలబెట్టారు. ఇంకో ముక్క ఎక్కడుందంటే, జపాన్‌లో, యొకొహామాలో ఒక పార్కులో.

ఆ తర్వాత గొయ్యి. నిజమైన గొయ్యి. భూగర్భ రైలు స్టేషను కోసం తవ్వారు, పైన ఏం కట్టాలో తేల్చుకోలేదు. ఏళ్ళ తరబడి రాజధాని నడిబొడ్డున బావురుమంటూ గొయ్యి. 'లే ఆల్ గొయ్యి' అని పేరే పెట్టేశారు. ఇటలీ దర్శకుడు ఫెరేరీ ఏం చేశాడో తెలుసా? ఆ గోతిలోకి గుర్రాల్ని దింపి, 1974లో కౌబాయ్ సినిమా తీశాడు. అమెరికా ఆదివాసుల మీదికి వెళ్ళి చచ్చిన జనరల్ కస్టర్ ఆఖరి యుద్ధం! వెనకాల పారిస్ మేడలు కనిపిస్తూనే ఉంటాయి. దాచలేదు, దాచడం ఆయన ఉద్దేశం కాదు. ఆ ఆదివాసుల్ని వాళ్ళ నేల నుంచి తరిమిన కథ తియ్యడానికి, బజారుని తరిమిన చోటే సరైన సెట్ అనుకున్నాడు మరి.

పక్కనే, నాలుగడుగులు వేస్తే, బోబూర్. ఒకప్పుడు బజారు లారీలు ఆగిన ఖాళీ స్థలం. అక్కడ పొంపిడూ పెట్టించిన సంస్కృతి కేంద్రం. 681 ప్లాన్లు వస్తే, కుర్రవాళ్ళు పియానో, రోజర్స్‌ల ప్లాను గెలిచింది. గొట్టాలన్నీ బయటే. గాలికి నీలం, నీళ్ళకి ఆకుపచ్చ, కరెంటుకి పసుపు, మనుషులెక్కే దారులకి ఎరుపు. 1977 జనవరి 31న తెరిచారు. పొంపిడూ చూడలేదు, 1974లోనే పోయాడు. దీన్ని నేను తిట్టను. నాకు ఇష్టం. కానీ వింత చూడండి. పాత ఇనుమూ అద్దాల కట్టడాన్ని కూల్చిన చేత్తోనే, పక్కన కొత్త ఇనుమూ అద్దాల కట్టడం లేపారు. అదీ లోపలి అస్థిపంజరం బయటికి చూపించేదే, ఇదీ అంతే. మనవణ్ణి ఎత్తుకోవడానికి తాతని గెంటేసినట్టు.

గోతికి ఏమైంది? 1974లో జిస్కార్ అధ్యక్షుడయ్యాడు. పొంపిడూ నాటి ప్లాను ఒకటి, అంతర్జాతీయ వాణిజ్య కేంద్రం, కొట్టిపారేశాడు. సేన్ ఎడమ ఒడ్డున ఎక్స్‌ప్రెస్ రోడ్డు కూడా ఆపించాడు. పారిస్‌కి మేయర్‌ని తిరిగి ఇచ్చే చట్టమూ ఆయన కాలందే. మంచిపని చేశాడు, దెబ్బ తిన్నాడు. 1977లో ఆ పదవికి ఆయన మనిషి ఓడిపోయాడు, ఆయన మాజీ ప్రధాని, ఇప్పుడు ప్రత్యర్థి అయిన షిరాక్ గెలిచాడు. నూట ఆరేళ్ళ తర్వాత పారిస్‌కి మేయర్! ఆయన చేసిన మొదటి పనుల్లో ఒకటి, అధ్యక్షుడికి నచ్చిన ఆర్కిటెక్టు బోఫిల్ కడుతున్న భవనాన్ని సగంలో పడగొట్టించడం. తర్వాత ఏమన్నాడు? లే ఆల్ ప్రధాన ఆర్కిటెక్టుని నేనే అన్నాడు. మొహమాటం లేకుండా. ప్రిఫెక్ట్ పోయాడు, మేయర్ వచ్చాడు, ఓటుతో వచ్చాడు. గొంతు మాత్రం ఎక్కడో విన్నట్టుంది కదూ? 1979లో గోతిలో భూగర్భ షాపింగు సెంటరు తెరిచారు. ఆ పై నిర్మాణాలూ ఎంతోకాలం నిలవలేదు. వాటినీ కూల్చి, 2016లో మీద పెద్ద పసుప్పచ్చ కప్పు వేశారు. చక్రవర్తి అడిగిన గొడుగే, మళ్ళీ.

ఒక లాభం చెప్పకపోతే అన్యాయం. సేన్ ఒడ్డున ఓర్సే అనే పాత రైల్వే స్టేషను ఉంది. 1900లో కట్టింది. దాన్నీ పడగొట్టి హోటలు కడదామనుకున్నారు. కానీ లే ఆల్ కూలిన మంట ఇంకా ఆరలేదు. ఈసారి ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1973లో రక్షిత జాబితాలోకి ఎక్కింది, 1986లో మ్యూజియంగా తెరుచుకుంది. మీలో పారిస్ వెళ్ళినవాళ్ళు అక్కడ వాన్ గో బొమ్మల ముందు ఫొటో దిగే ఉంటారు. ఆ కప్పు లే ఆల్ అప్పు.

ఇప్పుడు అక్కడ ఎవరుంటారు? గోతిలో కట్టిన స్టేషను 1977 డిసెంబర్‌లో తెరిచారు. శివార్ల నుంచి వచ్చే రైళ్ళు అక్కడ కలుస్తాయి. రోజూ లక్షల మంది. బజారు పోయాక చుట్టుపక్కల అద్దెలు పెరిగి, హమాలీలు, చిన్న చిన్న పనులవాళ్ళు శివార్లకి పోయారు. ఆ శివార్ల పిల్లలే శనివారం రైలు దిగి, మెట్లెక్కి, ఆ పసుపు కప్పు కింద గుంపులుగా నిలబడి ఉంటారు. కొనరు, ఎక్కువగా. నిలబడతారు, నవ్వుకుంటారు. మాటల్ని తిరగేసి మాట్లాడుకుంటారు, వాళ్ళకీ ఒక తిరగేసిన భాష ఉంది. మాంసం కొట్లవాళ్ళది కాదు, ఇంకోటి. పోలీసులు వచ్చి కార్డులు అడుగుతుంటారు.

పక్కనే సెంతుస్తాష్ చర్చి. బజారువాళ్ళ చర్చి అది. లోపల ఒక శిల్పం ఉంది, రంగులు వేసింది. రేమండ్ మేసన్ అనే శిల్పి చేశాడు. పారిస్ గుండెలోంచి పళ్ళూ కూరగాయలూ వెళ్ళిపోవడం, 1969 ఫిబ్రవరి 28. ఇదీ దాని పేరు, తేదీతో సహా. మొహాల మీద చలి, చేతుల్లో గంపలు, పెట్టెలు, ఒకరినొకరు తోసుకుంటూ నడిచొస్తున్న మనుషులు. చర్చికి టిక్కెట్టు లేదు. స్టేషను దిగి పైకొస్తే ఎదురుగానే. వెళ్తే, ఆ మొహాలతో పాటు గంపల్లో ఏమున్నాయో కూడా చూడండి. టీ వచ్చిందట, తాగుతూ మాట్లాడుకుందాం.